కొత్త లైబ్రేరియనుకు తోడెవరు?



మన ఇళ్ళలో ఆడపిల్ల డిగ్రీ పూర్తిచేసిందనగానే వంటింట్లో ఒక చర్చ బయలుదేరుతుంది. బి.ఇడి. చేయిద్దామా, బ్యాంకు పరీక్షలకు కూర్చోబెడదామా, లేక సంబంధాలు చూద్దామా అని. కొన్నేళ్ళుగా ఆ చర్చలోకి ఇంకొక మాట కూడా వచ్చి చేరింది. అదే లైబ్రరీ సైన్సు. ఏ డిగ్రీ చదివినవాళ్ళయినా ఒక్క ఏడాదిలో పూర్తిచేయవచ్చు. రోజూ హైదరాబాదు వెళ్ళిరానక్కరలేదు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరితే ఇంటిపట్టున వుండే చదువుకోవచ్చు. పైగా "ఆడపిల్లకు నీడపట్టున ఉద్యోగం, పుస్తకాల మధ్య కూర్చునే పని, ఎండా లేదు, వానా లేదు" అని మనవాళ్ళు సంబరపడతారు. పెళ్ళిచూపుల్లో చెప్పుకోవటానికి కూడా బాగుంటుంది.

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఇలా లైబ్రరీ సైన్సు పట్టా పుచ్చుకున్న అమ్మాయిలు మీ వీధిలోనే ఒకరో ఇద్దరో వుంటారు. మీ కోడలే కావచ్చు. ఆ అమ్మాయిల ఉద్యోగంలో మొదటి సంవత్సరం ఎలా గడుస్తుందో, ఆ సంవత్సరం వాళ్ళకు ఎవరు తోడుండాలో ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను. నేనూ ఆ దారిన నడిచినదాన్నే. ఉద్యోగంలో చేరి ఇది అయిదో ఏడు. అంటే ఇంకా పెద్దదాన్ని కాలేదు, కొత్తదాన్ని అని చెప్పుకొనే వీలూ లేదు.

నీడపట్టున ఉద్యోగమన్న మాట నిజమే. కాని ఆ నీడలో ఒక చిక్కున్నది. బడిలో కొత్తగా చేరిన టీచరమ్మకు స్టాఫ్‌రూము వుంటుంది. మార్కుల రిజిస్టరు ఎలా నింపాలో తెలియకపోతే పక్క కుర్చీలోని టీచరును అడుగుతుంది. ఆసుపత్రిలో కొత్త నర్సుకు పెద్ద నర్సు వుంటుంది, బ్యాంకులో పక్క కౌంటరు వుంటుంది. లైబ్రేరియనుకు పక్కన ఎవరూ వుండరు. స్కూలుకు ఒక్కరే, కాలేజీకి ఒక్కరే, చాలా శాఖా గ్రంథాలయాలకూ ఒక్కరే. పాత మనిషి వెళ్ళిపోతే తప్ప కొత్త మనిషికి చోటు రాదు కనుక, ఇద్దరూ ఎదురుపడి పని చెప్పుకోవటమనేదే జరగదు. తాళాల గుత్తి ఒక్కటే ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వస్తుంది. అది కూడా చాలాచోట్ల ఆఫీసు గుమాస్తా ద్వారా.

ఈ ఒంటరితనం ఎంత గట్టిదో చెప్పటానికి ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడని చెప్పుకొనే ఎస్.ఆర్. రంగనాథన్‌గారు అసలు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరారు. ఆ ఒక్క ఉద్యోగానికి దాదాపు 900 దరఖాస్తులు వచ్చాయనీ, వాళ్ళలో గ్రంథాలయ శిక్షణ పొందినవారు ఒక్కరూ లేరనీ చెబుతారు. అంత పోటీలో నెగ్గి చేరిన మనిషి కొద్దిరోజులకే ప్రెసిడెన్సీ కాలేజీకి పరుగెత్తి, "నా లెక్కల ఉద్యోగం నాకిచ్చేయండి, అక్కడ ఆ ఒంటరితనం భరించలేను" అని మొరపెట్టుకున్నారట. ముందు లండను వెళ్ళి అక్కడి గ్రంథాలయాలు చూసిరండి, అప్పటికీ నచ్చకపోతే మీ ఉద్యోగం మీకే ఇస్తామని వాళ్ళు మాటిచ్చారు. లండనులో బెర్విక్ సేయర్స్ అనే గురువు దొరికాడు. ఊరూరా తిరిగి గ్రంథాలయాలు చూశారు, పనిచేసేవాళ్ళతో మాట్లాడారు. తిరిగివచ్చాక మళ్ళీ లెక్కల పాఠం ఊసెత్తలేదు. 1931లో అయిదు సూత్రాల పుస్తకం రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు నెలలో 12వ తేదీని ఇప్పుడు దేశమంతా లైబ్రేరియన్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

చూడండి, అంతటి మేధావికే మొదటి వారంలో పారిపోవాలనిపించింది. ఆయన్ను ఆ ఉద్యోగంలో నిలబెట్టింది అదే పనిచేసే నలుగురు మనుషులు. మరి మిర్యాలగూడలో ఇరవై మూడేళ్ళ అమ్మాయికి లండను ఎక్కడ దొరుకుతుంది? కోదాడలో దొరకాలి, సూర్యాపేటలో దొరకాలి.

దొరికిన ఒక సందర్భం చెబుతాను. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఒకమ్మాయి చేరింది. చేరిన రోజునే కాగితం ముందు పెట్టారు. ఆమెకు ఎవరిని అడగాలో తెలియక, తనకంటే రెండేళ్ళు ముందు పట్టా తీసుకొని కోదాడలో ఒక స్కూల్లో పనిచేస్తున్న ఇంకొకామెకు ఫోను చేసింది. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు, స్టడీ సెంటరులో ఎవరో నంబరిచ్చారు, అంతే.

"అక్కా, బీరువాల తాళాలిచ్చిన్రు. పుస్తకాలన్ని ముట్టినయని సంతకం పెట్టమంటున్రు. పెట్టాల్నా?"

"ఎన్ని పుస్తకాలని రాసిన్రు?"

"ఆరువేల చిల్లర."

"నువ్వు లెక్కపెట్టినవా?"

"ఇయ్యాల్నే చేరిన గదక్కా!"

అప్పుడు ఆ కోదాడ అమ్మాయి చెప్పిన ఉపాయం మీరు కూడా గుర్తుపెట్టుకోదగినది. సంతకం పెట్టను అని మొదటి రోజే మొండికేయొద్దు. సంతకం పైన మాత్రం ఒక ముక్క రాయి: "బీరువాల తాళంచెవులు ఎనిమిది మాత్రము ముట్టినవి. పుస్తకములు రిజిస్టరుతో సరిచూడవలసియున్నవి." తేదీ వెయ్యి. దాని నకలొకటి నీ దగ్గర వుంచుకో. అంతే.

ఈ ముక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వర్గీకరణ ఎలా చేయాలో, జాబితా ఎలా రాయాలో, డ్యూయీ ఎవరో, కోలన్ పద్ధతి ఏమిటో అన్నీ వున్నాయి. చేరిన రోజు మధ్యాహ్నం మూడింటికి గుమాస్తా కాగితం తెచ్చి ముందు పెడితే ఏం చేయాలో లేదు. అది మొన్నమొన్ననే ఆ కాగితం చూసినవాళ్ళకే గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళ సర్వీసున్న పెద్ద లైబ్రేరియన్‌గారిని అడిగితే, పాపం ఆయనకు తను చేరిన రోజు ఎప్పుడో మరుపున పడివుంటుంది. అందుకే అంటున్నాను, కొత్తవాళ్ళకు చేయూతనివ్వవలసింది రెండేళ్ళు, మూడేళ్ళు, అయిదేళ్ళు సర్వీసున్నవాళ్ళు.

తర్వాత ఒక రెండో శనివారం కోదాడ అమ్మాయి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సెక్కి మిర్యాలగూడ వచ్చింది. ఇద్దరూ కలిసి లెక్కకు కూర్చున్నారు. ప్రతి గ్రంథాలయంలో ఒక పెద్ద రిజిస్టరు వుంటుంది. పుస్తకం వచ్చిన వరుసలో ఒక్కొక్క దానికి ఒక నంబరు వేసి, రచయిత, పేరు, ధర, బిల్లు నంబరు అందులో ఎక్కిస్తారు. ఆ నంబరే పుస్తకం మీదా వుంటుంది. లోపల ఎక్కడో ఒక పుటలో రహస్యంగా కూడా ముద్ర వేసివుంచుతారు. అట్ట చింపినా, మొదటి కాగితం చింపినా ఆ పుట పట్టిస్తుంది. ఒకామె పుస్తకం నంబరు చదవటం, రెండో ఆమె రిజిస్టరులో పెన్సిలుతో టిక్కు పెట్టటం. ఒక్కరే చేయాలంటే పది రోజులు పట్టే పని, ఇద్దరుంటే సగానికి సగం తగ్గుతుంది. మనం పప్పుడబ్బాలు దించి సర్దేటప్పుడు అందించే మనిషి ఒకరుంటే ఎంత సుఖమో మీకు చెప్పాలా? నాలుగు సెలవు రోజుల్లో ముగించారు. మూడు వందల పైచిలుకు పుస్తకాలు దొరకలేదు. వాటిలో చాలామట్టుకు ఆ అమ్మాయి పలక పట్టకముందే పోయినవి. జాబితా రాసి ఇస్తే పైవాళ్ళు మొదట ముఖం చిట్లించారు గాని, చివరకు పుచ్చుకొని సంతకం చేశారు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, కళ్ళు మూసుకొని సంతకం పెట్టివుంటే ఆ మూడు వందల పుస్తకాల బాధ్యత ఆ అమ్మాయి మెడకు చుట్టుకొనేది. ఆ భయం పట్టుకున్న లైబ్రేరియన్ చేసే మొదటి పని ఏమిటో తెలుసా? బీరువాలకు తాళం వేయటం. ఎవరైనా వచ్చి పుస్తకం అడిగితే, "బైండింగుకు పోయింది" అనటం. మీరెప్పుడైనా ఏ గ్రంథాలయానికైనా వెళ్ళి, అద్దాల వెనక పుస్తకాలు చూసి, చేతికి రాక, తిరిగివచ్చారా? వచ్చివుంటే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి చదువు మీద ప్రేమ లేదని అనుకొనివుంటారు. ఎక్కువసార్లు అది ప్రేమ లేక కాదు, జీతంలో కోత పడుతుందన్న దిగులు.

నిజానికి ఆ దిగులు అంత పడనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో సవరించిన ఆర్థిక నియమావళిలో 215వ నియమం గ్రంథాలయాలకు సంబంధించింది. పాఠకులకు ఇచ్చిన, పాఠకులు చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదిలో అయిదు పోయినా అది సహజమైన నష్టంగానే చూడవచ్చునని అందులో వున్నది. మోసం, అశ్రద్ధ వుండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమైనా, అరుదైన పుస్తకమైనా పోతే మాత్రం విచారించవలసిందే. ఇరవై వేలకు మించని గ్రంథాలయమైతే ఏటేటా పూర్తిగా లెక్క చూడాలి. ఇరవై నుంచి యాభై వేల దాకా అయితే మూడేళ్ళకొకసారి. ఇది కేంద్ర సంస్థలకు వర్తించే నియమమే, రాష్ట్రాలలోనూ ప్రైవేటు కాలేజీలలోనూ ఎవరి పద్ధతి వారిది. అయినా పుస్తకమంటే చేతులు మారేదనీ, చేతులు మారితే కొంత తరుగు తప్పదనీ ప్రభుత్వమే ఒప్పుకొన్నదని తెలిస్తే కొత్త పిల్లకు ఎంత ధైర్యం! బియ్యం చెరిగితే నూకలు పోవా? ఈ నియమం సంగతి మొదటి నెలలో చెప్పేవాళ్ళుంటే మన ఊళ్ళలో ఎన్ని బీరువాల తాళాలు ఊడివచ్చేవో!

ఇక రెండో చిక్కు సరదాగా వుంటుంది, మీకు బాగా అర్థమవుతుంది. పేర్ల చిక్కు.

లైబ్రరీ సైన్సు పుస్తకాలు ఎక్కువగా పాశ్చాత్యుల పద్ధతిలో రాసినవి. వాళ్ళకు ఇంటిపేరు చివర వుంటుంది. తామస్ హార్డీ అంటే హార్డీ కింద రాయాలి. ఆ అలవాటు మీద కొత్తమ్మాయి కంప్యూటరు ముందు కూర్చొని యద్దనపూడి సులోచనారాణిగారి పేరు ఎక్కించబోతే, యంత్రం చివరి మాటను పట్టుకొని "రాణి" అన్నచోట పడేస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుందని యంత్రానికేం తెలుసు? సరే, ఇంటిపేరు ముందుంటుందని సూత్రం పెట్టుకొందామంటే మాలతీ చందూర్‌గారు ఎదురవుతారు. ఆమెకు ఇంటిపేరు చివరే. రంగనాయకమ్మగారు మొదట్లో ముప్పాళ రంగనాయకమ్మ పేరుతో పుస్తకాలు వేసి, తర్వాత ఇంటిపేరు వదిలేసి ఉత్త రంగనాయకమ్మగానే రాశారు. ఒకే రచయిత్రి పుస్తకాలు రెండు చోట్ల కూర్చుంటాయి. మన ఆడవాళ్ళకు పెళ్ళితో ఇంటిపేరు మారటం అనే తంటా వున్నదే, అది గ్రంథాలయం అరల్లోకి కూడా వచ్చిందన్నమాట!

మీరు వెళ్ళి ఏమని అడుగుతారు? "సులోచన నవల ఒకటివ్వమ్మా" అంటారు. ఏ సులోచన? యద్దనపూడి సులోచనారాణా, మాదిరెడ్డి సులోచనా? కొత్తమ్మాయి కంగారుపడి కంప్యూటరులో వెతుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ద కొట్టినవాళ్ళున్నారు, రెండు ద-లు కొట్టినవాళ్ళున్నారు, యంత్రం లేదంటుంది. పుస్తకం నాలుగు అడుగుల దూరంలోనే వుంటుంది. మీరు నిట్టూర్చి వచ్చేస్తారు.

దీనికి మందు చాలా చిన్నది. పేరు ఏ రూపంలో రాయాలో ముందే ఒకటి ఖాయం చేసుకోవటం, మిగిలిన రూపాలన్నింటి దగ్గరా "ఫలానా చోట చూడుము" అని ఒక్కొక్క చీటీ పెట్టటం. ఆ చీటీల పద్ధతి పుస్తకంలో వున్నదే. కాని మన రచయిత్రులలో ఎవరికి ఏ చీటీ కావాలో తెలుగు నవలలు చదివినవాళ్ళకే తెలుస్తుంది. నాలుగేళ్ళుగా ఈ పనిలో వున్నామె తను తయారుచేసుకొన్న పేర్ల పట్టీని ఒక ఫోటో తీసి ఫోనులో పంపిందంటే, కొత్తామెకు ఆర్నెల్ల తడుములాట తప్పుతుంది. పంపినామెకు పట్టే సమయం రెండు నిమిషాలు. ఇందులో ఇంకొక లాభం కూడా వున్నది. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో పేర్లన్నీ ఒకే తీరుగా వుంటే, ఈ ఊళ్ళో లేని పుస్తకం ఆ ఊళ్ళో వున్నదో లేదో ఇట్టే తెలుసుకోవచ్చు.

కంప్యూటరు మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. చాలా గ్రంథాలయాలలో ఇప్పుడు కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడుతున్నారు. 2000వ సంవత్సరంలో న్యూజిలాండులో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం దీన్ని మొదలుపెట్టింది. కోహా అంటే అక్కడి మావోరీల భాషలో కానుక అని అర్థమట. ఊరికే ఇచ్చి మరచిపోయే కానుక కాదు, పుచ్చుకొన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఏదో ఇచ్చుకొనేది. మన పేరంటంలో వాయనం వంటిదన్నమాట.

ఇంతవరకు చెప్పింది విని మీలో లోకజ్ఞానం కలవారు ఒక ప్రశ్న వేస్తారు. "అమ్మాయీ, నీ మాటలు బాగానే వున్నాయి. ఆ కోదాడ పిల్లదీ పర్మనెంటు ఉద్యోగం కాదాయె. రేపు ప్రభుత్వ నోటిఫికేషను పడితే ఇద్దరూ ఒకే పరీక్ష రాయాలి. తన పోటీదారుకు తనే పని నేర్పుతుందా?"

ఈ ప్రశ్నను నేను పక్కకు నెట్టలేను. నిజంగానే ఉద్యోగాలు కొద్ది. నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు. పాత ప్రశ్నపత్రాలు దాచుకొనేవాళ్ళున్నారు, స్టడీ మెటీరియలు ఎక్కడ దొరుకుతుందో అడిగితే ఫోను పెట్టేసేవాళ్ళున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళ ఇంటి పరిస్థితులు మనకేం తెలుసు? కాని ఈ అయిదేళ్ళలో నేను చూసిన మాట ఒకటి చెబుతాను. ఒక స్కూల్లో చేరిన అమ్మాయి తట్టుకోలేక ఆరు నెలల్లో మానేసిందనుకోండి. యాజమాన్యం వెంటనే ఇంకొకరిని వెతకదు. తాళాలు డ్రిల్లు మాస్టారికో, గుమాస్తాకో అప్పగిస్తుంది. ఏడాది గడుస్తుంది. గ్రంథాలయం మూసివుంటుంది, పిల్లలకు అలవాటవుతుంది, తల్లిదండ్రులు అడగరు. రెండో ఏడు, "లైబ్రేరియన్ లేకపోయినా బడి నడుస్తూనే వున్నది గదా" అంటారు. ఉద్యోగమే రద్దు. అది ఆ అమ్మాయికి పోయిన ఉద్యోగం మాత్రమే కాదు, మాకందరికీ పోయిన ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్ల నిలదొక్కుకుంటేనే ఆ కుర్చీ నిలుస్తుంది. పోటీ పరీక్ష నాడు ఎవరి మార్కులు వారివి. ఆ పరీక్ష రాయటానికి ముందు కుర్చీలంటూ మిగలాలి గదా!

ప్రజా గ్రంథాలయాలలో చేరినవాళ్ళకు ఇంకొక రకం కష్టం. ఇప్పుడు అవి పొద్దున తలుపు తీసినప్పటినుంచి పోటీ పరీక్షలకు చదువుకొనే కుర్రవాళ్ళతో నిండివుంటాయి. వాళ్ళను అనవలసిందేమీ లేదు, ఇంట్లో చదువుకొనే చోటు లేకనే వస్తారు. కాని తన ఈడువాళ్ళు నలభై మంది కూర్చున్న గదిలో ఇరవై మూడేళ్ళ అమ్మాయి "నిశ్శబ్దం" అనాలి, కుర్చీ కోసం తగువు పడితే తీర్చాలి, సాయంత్రం తాళం వేసి ఇంటికి రావాలి. ఎలా మాట్లాడితే మాట చెల్లుతుందో, ఏ సంగతి పైవాళ్ళకు రాతపూర్వకంగా తెలియపరచాలో చెప్పటానికి అక్కలాంటి మనిషి కావాలి. ఇది అమ్మతో చెప్పుకోలేరు. చెబితే అమ్మ మానేయమంటుంది.

ఆడవాళ్ళు ఈ వృత్తిలోకి రావటం కొత్త సంగతేమీ కాదు. 1887లో అమెరికాలో కొలంబియా కాలేజీలో మెల్విల్ డ్యూయీ మొట్టమొదటి గ్రంథాలయ పాఠశాల తెరిచినప్పుడు చేరిన 20 మందిలో 17 మంది స్త్రీలే. కాలేజీ గదుల్లో ఆడవాళ్ళకు పాఠాలు చెప్పటానికి వీల్లేదని ధర్మకర్తలంటే, వీధికి అవతల ఒక సామానుగది బాగుచేయించి అక్కడ మొదలుపెట్టాడు. (ఆ డ్యూయీ తర్వాత ఆడవాళ్ళపట్ల నడుచుకొన్న తీరు మంచిది కాదు. అందుకే 2019లో అమెరికా గ్రంథాలయ సంఘం తన పతకానికి ఆయన పేరు తీసివేసింది. తీసివేయటం సబబే.) అదే సంఘంలో 1931లో కొత్తగా చేరినవాళ్ళంతా తమకోసం వేరే ఒక కూటమి ఏర్పాటుచేసుకొన్నారు. అది ఇప్పటికీ నడుస్తున్నది. పెద్దలు తమను గూర్చి ఎప్పుడు ఆలోచిస్తారా అని కూర్చోక, కొత్తవాళ్ళకు కొత్తవాళ్ళే సాయం.

అంత దూరం ఎందుకు, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్ళే దారిలోనే మునగాల వున్నది. ఆ మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు, హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారు, ఇంకొందరు కలిసి 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. రావిచెట్టువారి ఇంట్లోనే మొదలైంది. అప్పటికి లక్ష్మణరావుగారికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆయన చదువు నాగపూరులో అక్కగారింట్లో వుండి సాగింది. ఆ అక్కే భండారు అచ్చమాంబగారు. ఆమె బడికి వెళ్ళి ఎరుగదు. తమ్ముడు చదువుకొంటుంటే పక్కన కూర్చొని అక్షరాలు పట్టుకొని, 1902లో కథ రాసి, స్త్రీల చరిత్రలు రాసి, 1905లో చిన్నవయసులోనే కన్నుమూసింది. అన్నం పెట్టి తమ్ముణ్ణి చదివించింది ఆమె, అక్షరం చెప్పింది తమ్ముడు. ఎవరు ఎవరికి గురువో చెప్పండి!

ఇప్పుడు ఇంటి విషయానికి వస్తాను. లైబ్రేరియనుగా చేరిన కోడలిని "పుస్తకాలకు అట్టలు వేసే ఉద్యోగమేగా, సెలవు పెట్టు" అని తేలిగ్గా అనేస్తాం. రెండో శనివారం తోటి లైబ్రేరియన్ లెక్కకు సాయం చేయటానికి మిర్యాలగూడ పోయివస్తానంటే, "నీకు జీతమిస్తున్నారా?" అంటాం. ఆ కోదాడ అమ్మాయి నాలుగు సెలవు రోజులు బస్సెక్కగలిగిందంటే, ఇంట్లో మూడేళ్ళ పిల్లవాణ్ణి చూసుకొన్న అత్తగారు ఒకరున్నారు. ఆమె నాలుగో తరగతి చదివింది. "పోయిరా బిడ్డా, ఆ పిల్లకెవరున్నరు?" అన్నదట. ఆ ఆరువేల పుస్తకాల లెక్కలో ఆమె పాలు కూడా వున్నదని నేననుకొంటాను.

చివరగా ఒక చిన్న పని. మీ బీరువాలో మున్సిపాలిటీ ఇంటిపన్ను రసీదు వుంటుంది, తీసి చూడండి. అందులో లైబ్రరీ సెస్సు అని ఒక పద్దు వుంటుంది. ఇంటిపన్ను ప్రతి రూపాయికి 8 పైసలు మనం గ్రంథాలయాలకు కడుతున్నాం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. సూర్యాపేట 2016లో వేరే జిల్లా అయింది కనుక సూర్యాపేట, కోదాడవారిది ఆ జిల్లా సంస్థకు, మిర్యాలగూడవారిది నల్గొండకు. వెయ్యి రూపాయల పన్నుకు ఎనభై రూపాయలు కట్టి, ఆ గడప తొక్కనివాళ్ళం మనలో ఎంతమందిమి వున్నామో లెక్క తీస్తే బాగుండదు.

ఈ వారంలో ఒక సాయంత్రం కూరగాయలకు వెళ్ళినప్పుడు అటు కూడా వెళ్ళండి. కుర్చీలో కొత్తమ్మాయి కనిపిస్తే సభ్యత్వం తీసుకొని, సులోచన నవల ఒకటి అడగండి. "ఏ సులోచనమ్మా?" అని ఆ అమ్మాయి తిరిగి అడిగితే, ఆమెకు ఎవరో ఒక అక్క దొరికిందన్నమాట. తెల్లమొహం వేస్తే, మీకు తెలిసిన పేర్లు నాలుగు మీరే చెప్పిరండి.